పిన్ని గొంతు వెంట ఒక ఏడాది

పిన్ని పోయి నెల తిరక్కముందే మళ్లీ మాట్లాడింది.

మధ్యాహ్నం భోజనాల వేళ అది. మేం పై వాటాలో ఉంటాం, బాబాయి కింది వాటాలో. అమ్మ ఇచ్చిన గిన్నె పట్టుకుని నేను మెట్లు దిగేసరికి బాబాయి వంటగదిలో గోడకి చెవి ఆనించి నిలబడి ఉన్నాడు. నన్ను చూసి వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. పక్క వాటావాళ్ల టీవీ మోగుతోంది.

"నా మాట కాదని ఈ గడప దాటినవాళ్లెవరూ మళ్లీ లోపలికి రాలేదు. నువ్వూ రావు." గోడ అవతల ఒక ఆడమనిషి ఎవరినో బెదిరిస్తోంది.

ఆ గొంతు పిన్నిది.

"విన్నావా?" అన్నాడు బాబాయి, గట్టిగా అంటే ఆగిపోతుందేమో అన్నంత మెల్లగా.

పిన్ని మా అమ్మకి చెల్లెలు. డబ్బింగ్ చెప్పేది. పరాయి భాషలో తీసిన సీరియళ్లకీ సినిమాలకీ మన భాషలో గొంతు అరువిచ్చేది. మనిషి పిట్టంత. నలుగురిలో కూర్చుంటే ఉందో లేదో తెలిసేది కాదు. నోట్లో నాలుక లేని మనిషని చుట్టాలందరూ అనేవారు. ఆ నాలుకతోనే సగం ఇల్లు నడుస్తోందని అమ్మ వాళ్లకి జవాబు చెప్పేది. ఆ పిట్టంత మనిషి గొంతే, పెద్ద సీరియల్లో ఇంటిల్లిపాదినీ గడగడలాడించే పెద్దావిడ గొంతు. తెరమీద ఆ నటి నిలువెత్తు మనిషి, ద్వారబంధం నిండుగా నిలబడేది. ఆవిడ కనుబొమ్మ ఎగరేస్తే పిన్ని ఇక్కడ గొంతు బిగించేది.

బాబాయికి కళ్లజోళ్ల షాపుంది. ముందు గదిలో ఫ్రేములు, వెనక గదిలో అద్దాలు అరగదీసే మిషను. పెళ్లయిన నాటినుంచీ పిన్ని చేసిన సీరియల్ ఒక్కటీ ఆయన చూసిన పాపాన పోలేదు. "పొద్దస్తమానం కళ్లతో చాకిరీ చేసి వస్తాను, ఇంటికొచ్చి మళ్లీ ఆ పెట్టెలోకి ఎక్కడ చూడను?" అనేవాడు. పిన్ని ఏనాడూ చూడమని అడగలేదు. ఊపిరితిత్తుల జబ్బని తేలాక మాత్రం, ఎందుకైనా మంచిదని స్టూడియోలో కూర్చుని రాబోయే ఎపిసోడ్లకి ముందుగానే డబ్బింగ్ చెప్పి పెట్టింది. ఆ సంగతి బాబాయికి గోడ అవతలనుంచి తెలిసింది.

మర్నాటినుంచి ఆయన మధ్యాహ్నం షాపు మూసి ఇంటికి రావడం మొదలుపెట్టాడు. టీవీకి మూరెడు దూరంలో కుర్చీ వేసుకుని కళ్లు మూసుకుని కూర్చునేవాడు. కళ్లు తెరిస్తే ఆ నటి మొహం అడ్డొస్తోందట. బతుకంతా కళ్లతో పని చేసిన మనిషి అలా కళ్లు మూసుకుని, మెడ కొంచెం పక్కకి వాల్చి వింటుంటే నాకు ఆయన్నొక్కణ్నీ వదిలి వెళ్లబుద్ధయ్యేది కాదు. మధ్యాహ్నాలు ఇంట్లోనే పని చేసుకునే ఉద్యోగం కాబట్టి నేనూ పక్కన చతికిలబడేదాన్ని.

కూతురు బుజ్జి మాత్రం తట్టుకోలేకపోయింది. బుజ్జి ఊరికి ఆ చివర బళ్లో టీచరు. సెలవు రోజున వచ్చి, ఒకసారి ఈ తతంగం చూసి రిమోట్ లాక్కుంది.

"ఆపు నాన్నా. అమ్మని తలుచుకుందామంటే ఈ రాకాసి మొహం వచ్చి కూర్చుంటోంది నాకు."

"మొహం చూడకు. నాలాగా కళ్లు మూసుకో."

"మూసుకుంటే ఇంకా భయం. అమ్మ ఎవరినో చంపేస్తానంటోంది!"

నాకు నవ్వొచ్చింది. బుజ్జి నవ్వలేదు. ఆ తర్వాత ఆ వేళకి ఎప్పుడూ రాలేదు.

ఎండాకాలం వెళ్లిపోతుండగా ఒకనాడు సీరియల్లో పెద్దావిడ మెట్లు దిగి వచ్చి, కోడలి వంక చూసి నోరు తెరిచింది. అందులోంచి ఎవరో మాట్లాడారు.

బాబాయి కళ్లు తెరిచాడు. "ఎవరిది?" అన్నాడు.

"పిన్ని చెప్పి పెట్టినవి అయిపోయినట్టున్నాయి బాబాయ్."

"అయిపోవడమేంటి?"

తెరమీద అదే చీరలో అదే మనిషి అరుస్తోంది. గొంతు వేరు. కొత్త గొంతు బాగానే ఉంది, పైగా కొంచెం వయసులో ఉంది. బాబాయి లేచి స్నానాలగదిలోకి వెళ్లి కుళాయి తిప్పాడు. ఆసుపత్రిలో గాని, ఆ తర్వాత గాని ఆయన కంట తడి చూసినవాళ్లు లేరు. కుళాయి చాలాసేపు పారింది. బకెట్టు నిండి పొర్లిన చప్పుడు కూడా వినిపించింది.

అయినా సీరియల్ మానలేదు. ఎదురుగా కూర్చుని ఆ కొత్తమ్మాయిని తిట్టుకుంటూ చూసేవాడు. "అక్కడ అలా అరవడమేంటి? మతి లేదూ?" అనేవాడు.

అది చూడలేక నేనొక పని నెత్తిన వేసుకున్నాను. పిన్ని గొంతు ఇంకా ఎక్కడెక్కడ ఉందో వెతికి తెచ్చి ఆయనకి వినిపించడం. పిల్లల బొమ్మల కార్యక్రమంలో ముసలి తాబేలు దొరికింది. ఆ తాబేలు ప్రతి మాటకీ ముందు "నాయనా" అంటుంది. సముద్రం అడుగున ఉండే జీవాల గురించి ఒక చిత్రం దొరికింది, అందులో వెలుతురు సోకని చేపల గురించి పిన్ని మెల్లగా, ముద్దుగా చెబుతుంది. పిల్లల పాటల రికార్డు ఒకటి దొరికింది. పాటలు వేరెవరో పాడారు, పాటకీ పాటకీ మధ్య "ఇప్పుడు చేతులు పైకెత్తండి" అన్నది మాత్రం పిన్ని. షాపు వెనక గదిలో బాబాయి ఆ రికార్డు పెట్టుకుని పని చేసుకునేవాడు. ఒకసారి నేను తలుపు తోసేసరికి ఆయన చేతులు నిజంగానే పైకి లేచి ఉన్నాయి. నన్ను చూసి పై అరలో ఏదో వెతుకుతున్నట్టు సర్దుకున్నాడు.

ఆ తర్వాత దెయ్యం సినిమా వచ్చింది. పిన్ని ఎప్పుడో డబ్బింగ్ చెప్పింది, విడుదల మాత్రం ఇప్పుడు. అందులో దెయ్యం గొంతు పిన్నిది. తీసుకెళ్లనా వద్దా అని నేను తర్జనభర్జన పడుతుంటే బాబాయే పేపర్లో చూసి, "మ్యాట్నీకి వెళ్దాం పద" అన్నాడు.

హాల్లో పెద్దగా జనం లేరు. మా వెనక వరస మొత్తం ఖాళీ. కథేమీ కొత్తది కాదు. చనిపోయిన భార్య ఇంట్లోనే ఉండిపోతుంది, భర్త గమనించడు. సగం సినిమా దాకా దెయ్యం మాట్లాడనే మాట్లాడదు. తలుపులు వేస్తుంది, దీపాలు ఆర్పుతుంది, అంతే. బాబాయి కుర్చీ అంచుకి జరిగి కూర్చున్నాడు. ఆ తర్వాత ఒకచోట భర్త అద్దం ముందు నిలబడి తల దువ్వుకుంటుంటే హాలంతా నిశ్శబ్దమైంది.

"ఇక్కడే ఉన్నాను," అంది పిన్ని. "నీ వెనకే ఉన్నాను. ఒక్కసారైనా తిరిగి చూడవేం?"

ఎక్కడో ఒకాయన కెవ్వుమన్నాడు. అది విని మిగతావాళ్లు నవ్వారు. బాబాయి ఉలిక్కిపడలేదు. ఇంట్లోవాళ్లు పిలిస్తే తిరిగినంత మామూలుగా తల తిప్పి వెనక్కి చూశాడు. ఖాళీ వరస మీద తెర వెలుగు పడుతోంది. కాసేపు అలాగే చూసి మళ్లీ ముందుకి తిరిగాడు. నేను మాత్రం తిరిగి చూడలేకపోయాను.

బయటికొచ్చాక, "బాగుంది. ఇంకోసారి చూద్దామా?" అన్నాడు.

ఆ ఏడాది ఆఖర్లో మా ఆఫీసువాళ్లంతా సరదాగా ఎవరికి నచ్చినవి వాళ్లు చెప్పుకున్నారు. ఏ సినిమా చూశారు, ఏ పుస్తకం చదివారు, ఏ పాట పదేపదే విన్నారు అని. నా వంతు వచ్చినప్పుడు, "ఒక ముసలి తాబేలు, ఒక దెయ్యం, ఒక గయ్యాళి అత్తగారు" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. పుస్తకం సంగతి మాత్రం చెప్పలేదు. అది నవ్వే సంగతి కాదు.

అది ఒక పెద్ద నవల. సముద్రపు ఒడ్డున దీపస్తంభం కాసే ఒక కుటుంబం కథ. చూపు లేనివాళ్లకోసం, చదివే తీరిక లేనివాళ్లకోసం పిన్ని దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివి రికార్డు చేసింది. నెలల తరబడి చేసిన పని అది. బళ్లో పుస్తకాలు తప్ప జన్మలో ఇంకో పుస్తకం ముట్టని బాబాయి, చెవుల్లో తీగలు పెట్టుకుని, అద్దాలు అరగదీస్తూ ఆ నవలంతా విన్నాడు. మొదట్లో రాత్రి అన్నాలప్పుడు మా అమ్మకి కథ కూడా చెప్పేవాడు. "ఆ పెద్దకొడుకున్నాడే, వాడు మంచోడు కాదు వదినా, చూస్తూ ఉండు" అనేవాడు.

రానురాను కథ చెప్పడం మానేశాడు. ఒకనాడు నన్ను షాపుకి పిలిచి ఒక చెవి తీగ నాకిచ్చాడు.

"ఇక్కడ విను. గొంతు మారింది."

విన్నాను. తుఫాను వచ్చే ఘట్టం. పిన్ని అద్భుతంగా చదువుతోంది. నాకేం తేడా తెలియలేదు.

"మళ్లీ విను. 'అలలు' అన్నచోట. తడి తగ్గింది. కింద ఏదో గీత ఉంది."

"నాకు వినపడటం లేదు బాబాయ్."

"గీత ఉందంటే ఉంది. అద్దంలో కూడా అంతే, మొదట ఎవరికీ కనపడదు."

అప్పుడర్థమైంది నాకు. ఆయన కథ వినడం లేదు. పిన్ని గొంతులోకి జబ్బు ఎప్పుడు అడుగుపెట్టిందో వెతుకుతున్నాడు. ఆ తర్వాత తాబేలుని మళ్లీ విన్నాడు, చేపల్ని మళ్లీ విన్నాడు. "చేతులు పైకెత్తండి" అన్న ఒక్క మాటని రోజంతా విన్నాడు. ఏది ముందు చెప్పింది, ఏది తర్వాత చెప్పిందని నన్ను గుచ్చి గుచ్చి అడిగేవాడు. తిండి తగ్గింది, మనిషి సగమయ్యాడు. షాపుకొచ్చినవాళ్లు దగ్గితే చేతిలో పని ఆపి వాళ్ల వైపు చూసేవాడట. వాళ్లు కంగారుపడి వెళ్లిపోయేవాళ్లట. కొరివితో తల గోక్కున్నట్టయింది నా పని. ఆయనకి ఊరట దొరుకుతుందని నేను ఏరి తెచ్చిచ్చినవే ఆయన్ని తినేస్తున్నాయి.

"కనిపెట్టి ఏం చేస్తావు బాబాయ్?" అని అడిగాను, ఉండబట్టలేక.

"ఏం చేస్తాను. అప్పుడు నేనెక్కడున్నానో చూసుకుంటాను."

చివరికి నేనే ఆయన్ని స్టూడియోకి తీసుకెళ్లాను. సందు లోపల పాత మేడ, మేడ మీద చిన్న గది. గోడలనిండా మెత్తటి దిండ్ల లాంటివి అతికించి ఉన్నాయి. మధ్యలో ఎత్తు స్టూలు, మైకు. అద్దం అవతల రికార్డు చేసే కుర్రాయన. పిన్ని ఆయన్ని "తమ్ముడూ" అనేదట. బాబాయి ఎవరో తెలియగానే లేచి ఇవతలికి వచ్చాడు.

"మా ఆవిడకి దగ్గు ఎప్పుడు మొదలైందో మీకు గుర్తుందా?" అని అడిగాడు బాబాయి, కూర్చోకుండానే.

"నేనైతే చెప్పలేను సార్. దగ్గు, ఊపిరి, కాగితం చప్పుడు, గుటక, అన్నీ కోసేస్తాం. వినేవాళ్లకి కథొక్కటే వినపడాలి."

"ఊపిరి కూడానా?"

"ఊపిరి కూడా సార్."

బాబాయి ఆ స్టూలు మీద కూర్చున్నాడు. ఇన్నాళ్లూ తను విన్నదాంట్లో పిన్ని ఊపిరి ఒక్కటి కూడా లేదన్న సంగతి ఆయనలోకి దిగుతుంటే, ఆ గదిలో ఏ చప్పుడూ లేదు. ఆ గోడలు చప్పుడుని తినేస్తాయి. కుర్రాయన తటపటాయించి, "కోయకముందువి ఉన్నాయి" అన్నాడు.

హెడ్‌ఫోన్లు బాబాయికి పెట్టి అద్దం అవతలికి వెళ్లాడు. నాకేం వినపడదు. ఆయన మొహమే కనిపిస్తోంది. ఆయన ఛాతీ మెల్లగా పైకి లేచి కిందికి దిగడం చూశాను. ఇంకెవరితోనో కలిసి ఊపిరి తీసుకుంటున్నట్టుంది. ఎంతసేపు చూసినా ఆ లయ తప్పలేదు. నాకు భయమేసి అద్దంలోంచి కుర్రాయనకి సైగ చేశాను. ఆయన ఏదో మీట నొక్కి, శబ్దాన్ని గదిలోకి వదిలాడు.

పిన్ని ఊపిరి గది నిండా పరుచుకుంది. తర్వాత కాగితం తిప్పిన చప్పుడు. "తమ్ముడూ, ఈ టీ ఎవరు పెట్టారు? ఇందులో టీ కూడా వేయమను." రికార్డులో కుర్రాయన నవ్వు. "మీ సార్ సీరియల్ చూస్తారా అమ్మా?" అని అతని గొంతే అడిగింది.

అప్పుడు గదిలో బాబాయి మాట్లాడాడు. నా పక్కన కూర్చున్న బాబాయి కాదు. "ఊఁ... ఊఁ... వింటున్నా, చెప్పు. జ్‌ర్‌ర్... ఊఁ. ఏమన్నావ్?"

అద్దాల మిషను రొదతో సహా పిన్ని ఆయన్ని దించేసింది. ఆ "ఊఁ" లోని పరధ్యానం, మాట చివర విసుగు, ఏదీ వదల్లేదు. వెంటనే తన గొంతుతో, "పెళ్లయినప్పట్నుంచీ ఇదే డైలాగు తమ్ముడూ. ఎప్పుడూ ఒక్క టేకులో ఓకే" అంది. అని నవ్వింది. ఇంట్లో మేమెవ్వరం ఎన్నడూ వినని నవ్వు, పెద్ద నవ్వు, ఒంట్లో ఉన్న గాలంతా ఖర్చుపెట్టి నవ్విన నవ్వు.

బాబాయి కూడా నవ్వాడు. కళ్లనుంచి నీళ్లు కారుతుండగా పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వుల కింద, రికార్డులో, పిన్ని చిన్నగా దగ్గింది. ఒక్కసారే. "సారీ, మళ్లీ వెళ్దాం" అంది. ఆయన నెలల తరబడి వెతికింది అదే అయ్యుండొచ్చు. నేను విన్నాను, ఆయన వినలేదు. చెప్పలేదు నేను. ఇప్పటికీ చెప్పలేదు.

తిరిగొస్తుంటే దారిలో, "నేను అలాగే అంటానా?" అని అడిగాడు.

"అలాగే అంటావు బాబాయ్."

ఆ తర్వాత వెతకడం మానేశాడు. నవల మళ్లీ మొదటినుంచి, ఈసారి కథ కోసం విన్నాడు. ఒక అలవాటు మాత్రం పోయింది. ఎవరైనా ఏదైనా చెబుతుంటే "ఊఁ" అనబోయి గతుక్కుమని ఆగేవాడు. చెప్పేవాళ్లకి, ఈయన వింటున్నాడో లేదో తెలిసేది కాదు.

కొన్నాళ్లకి, నేను అమ్మ కళ్లజోడు తీసుకుందామని షాపుకెళ్లిన రోజున ఒకావిడ వచ్చింది. ముప్పై దాటి ఉంటుంది, చెమటలు పట్టి ఉంది. "దగ్గరి అక్షరాలు అలుక్కుపోతున్నాయండీ. మసక వెలుతురులో చదవాలి నేను" అంది.

బాబాయి తలెత్తకుండానే, "పెద్దావిడ గొంతు మీదేనా?" అన్నాడు.

ఆవిడ బిత్తరపోయింది. స్టూడియో కుర్రాయన షాపు గుర్తులు చెప్పి పంపాడట. ఎవరి షాపో కూడా చెప్పాడట. "చెబుదామా వద్దా అనుకుంటూనే వచ్చాను సార్. మీకెలా తెలిసింది?"

"రోజూ వింటున్నాను కదా. తిట్టుకుంటూ."

ఆవిడ మొహం చిన్నబోయింది. "తిట్టాల్సిందే సార్. ఒప్పుకునే ముందు ఆవిడవన్నీ కూర్చుని విన్నాను. గొంతు ఎలాగూ రాదు, ఎవరిది వాళ్లదే. కనీసం ఆ కోపమైనా పట్టుకుందామనుకున్నా. చేతికి చిక్కలేదు."

బాబాయి ఆవిడ కళ్లు పరీక్ష చేశాడు, అక్షరాలు చదివించాడు, ఫ్రేము ముక్కు మీద ఆనేలా సరిచేశాడు. చీటీ రాసిచ్చేటప్పుడు, నేనక్కడ లేనట్టే మాట్లాడాడు.

"కోపమొస్తే గొంతు పెంచదు. తగ్గిస్తుంది. మాటకీ మాటకీ మధ్య ఆగుతుంది. ఎదుటివాడే దగ్గరికి జరిగి వినాలి."

"ఇంట్లో కూడా అంతేనా సార్?"

"అంతే. నేను జరిగేవాణ్ని కాదు."

ఆ మాటలు ఎంత దూరం వెళ్తాయో అప్పుడు మా ఇద్దరికీ తెలియదు.

బళ్లకి సెలవులిచ్చాక బుజ్జి వచ్చి ఉంది. మధ్యాహ్నం ముందు గదిలో సీరియల్ నడుస్తోంది. పెద్దావిడ పెద్దకొడుకుని ఇంట్లోంచి పంపేసే రోజది. అందరూ అరుస్తున్నారు. ఆవిడ మాత్రం కొడుకు వంక చూసి ఊరుకుంది. ఆ తర్వాత చాలా కింది స్థాయిలో అంది, "వెళ్లు." ఆగింది. "నేను పిలవను." ఇంకా ఆగింది. "నువ్వు వచ్చినా, వినను."

వంటగదిలో గిన్నె కిందపడింది. బుజ్జి తడి చేతులతో గుమ్మంలో నిలబడి ఉంది. "అమ్మ," అంది.

గొంతు పిన్నిది కాదు. కొత్తావిడదే, వయసులో ఉన్న గొంతే. కాని ఆ ఆగిన చోట్ల, ఆ ఖాళీల్లో నిలబడి ఉన్నది పిన్నే.

బాబాయి కుర్చీలోంచి లేచాడు. టీవీ వైపు నడుస్తాడనుకున్నాను. ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తూ వెళ్లి గోడకి వీపు ఆనించాడు.

"ఆపు," అన్నాడు.

ఆపేశాను.

"మీ అమ్మ కోపం ఆవిడకి నేనే ఇచ్చాను బుజ్జీ," అన్నాడు కూతురితో. "అడగకుండానే ఇచ్చేశాను. ఇప్పుడు అది ఎవరినో ఇంట్లోంచి పంపేస్తోంది."

బుజ్జి ఆయన్ని పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టింది. ఆయన చేతులు చల్లగా ఉన్నాయని తర్వాత నాతో అంది.

ఆనాటినుంచి బాబాయి ఆ సీరియల్ చూడలేదు. టీవీని తీసుకెళ్లి బుజ్జి ఇంట్లో పెట్టించాడు. మధ్యాహ్నాలు మళ్లీ షాపులోనే ఉంటున్నాడు. కొత్తావిడకి మంచి పేరొచ్చింది, పేపర్లో ఫొటో కూడా వేశారు, మా షాపు కళ్లజోడుతోనే. విచిత్రం ఏమిటంటే ఇప్పుడు చూసేది బుజ్జి. బడి అయ్యాక రికార్డు చేసుకున్నది పెట్టుకుని, కళ్లు తెరుచుకుని చూస్తుందట. ఆ మొహం ఇప్పుడు అడ్డు రావడం లేదట.

రాత్రి తండ్రికి ఫోన్ చేస్తుంది. తిన్నావా, మందేసుకున్నావా అని అడుగుతుంది. ఆయన అన్నిటికీ జవాబు చెప్పి, పెట్టేసే ముందు మాత్రం అడుగుతాడు, "ఇవాళ ఆవిడకి కోపమొచ్చిందా?" అని.

రాలేదంటే, సరే పడుకో అంటాడు. వచ్చిందంటే వెంటనే ఫోన్ పెట్టేస్తాడు. ఒక్క మూలా చీకటి మిగలకుండా ఇంట్లో ఉన్న దీపాలన్నీ వేసుకుంటాడు. మా పై వాటా కిటికీలోంచి ఆ వెలుతురు పెరట్లో పడటం కనిపిస్తుంది.